సీసపు గుండు మీది రాత ఎవరి కోసం?

“నీకు ఆకలేస్తోంది, ఆ సంగతి నా దగ్గర దాస్తున్నావు.”

ఇటలీలో ఇప్పుడు పెరూజా అని పిలిచే నగరాన్ని క్రీ.పూ. 41–40 చలికాలంలో ముట్టడించారు. అప్పట్లో దాని పేరు పెరూసియా. ఆ ముట్టడిలో వడిసెలతో విసిరిన ఒక సీసపు గుండు మీద లాటిన్‌లో ఉన్న మాటలివి. గుండు బొటనవేలంత ఉంటుంది. అంత చిన్న లోహపు ముక్క మీద అంత వెటకారం పట్టించారు. ఇలాంటివి పెరూసియా దగ్గరే పదుల సంఖ్యలో దొరికాయి. గ్రీసు, సిసిలీ, స్పెయిన్, పాలస్తీనా ప్రాంతం కూడా కలుపుకుంటే రాతలున్న గుండ్లు వందల్లో ఉన్నాయి.

కొత్తగా ఒక గుండు బయటపడ్డప్పుడల్లా “రెండు వేల ఏళ్ళ నాటి సైనికుల చమత్కారం” అని వార్త వస్తుంది. చమత్కారం ఉన్న మాట నిజమే. అయితే అక్కడితో ఆగిపోతే అసలు చిక్కుముడి అలాగే ఉండిపోతుంది. వడిసెల గుండు గాలిలో కంటికి ఆనదు. యుద్ధతంత్రం గురించి క్రీ.శ. ఒకటో శతాబ్దంలో గ్రీకులో రాసిన ఒనసాండర్ ఈ మాటే అన్నాడు: సీసం రంగు గాలి రంగులో కలిసిపోతుంది, అందుకే అది వస్తున్నట్టు తెలియదు, తప్పించుకునే వీలుండదు. తగిలినవాడు దాని మీద ఏం రాసుందో చూసే స్థితిలో ఉండడు. గురి తప్పితే గుండు పోయి మట్టిలో దిగబడుతుంది. మరి అంత శ్రమపడి అక్షరాలు దించింది ఎవరు చదవాలని? దీనికి ఒక్క జవాబు లేదు. ఎందుకంటే ఆ రాతలన్నీ ఒక రకానివి కావు, రాసినవాళ్ళూ ఒక రకం మనుషులు కారు.

ముందు ఆయుధం సంగతి చూద్దాం. వడిసెల తెలుగువాళ్ళకు కొత్తది కాదు. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలిన రైతులు వాడింది దీన్నే. రబ్బరు సాగదీసి వదిలే క్యాటపుల్ట్ దీనికి సంబంధం లేని వస్తువు. వడిసెలకు మధ్యలో రాయి కూర్చునే చిన్న ఒడి, దానికి అటూ ఇటూ రెండు తాళ్ళు ఉంటాయి. ఒక తాడు కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను బొటనవేలితో నొక్కి పట్టుకుని, తిప్పి, సరైన క్షణంలో రెండోదాన్ని వదిలేస్తారు. తాడు చేతికి అదనపు పొడవునిస్తుంది, వేగమంతా ఆ పొడవులోంచి పుడుతుంది. సినిమాల్లో చూపించినట్టు తల మీద గిరగిరా పది చుట్లు తిప్పక్కర్లేదు. చేయి తిరిగినవాడికి ఒక్క చుట్టు చాలు. 1981లో అమెరికాలో ఒకాయన ఇలా విసిరిన రాయి 437 మీటర్ల దూరం పోయి రికార్డుకెక్కింది.

పరికరం చవక, నేర్పు మాత్రం అపురూపం. చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైతే తప్ప గురి కుదరదు. అందుకే ప్రాచీన సైన్యాలు వడిసెల యోధులను ఎక్కడ పడితే అక్కడ చేర్చుకునేవి కావు, ఫలానా చోటివాళ్ళే కావాలని వెతికి తెచ్చుకునేవి. స్పెయిన్‌కు తూర్పున ఉన్న బెలియారిక్ దీవులవాళ్ళు రోమ్‌తో పోరాడిన కార్తేజ్ సేనాని హానిబల్ సైన్యంలో ఉన్నారు, తర్వాత రోమన్ల పక్షానా పోరాడారు. ఒక్కొక్కడు మూడు వడిసెలలు పెట్టుకునేవాడని గ్రీకు చరిత్రకారుడు డియొడోరస్ రాశాడు: ఒకటి తలకు చుట్టుకుని, ఒకటి నడుముకు కట్టుకుని, ఒకటి చేతిలో. అక్కడి తల్లులు రొట్టెను గురిగా నిలబెట్టి, దాన్ని కొట్టేదాకా పిల్లలకు తినడానికి ఇచ్చేవాళ్ళు కాదనీ రాశాడు. క్రీ.పూ. 123లో రోమన్ కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) మెటెల్లస్ ఆ దీవుల మీదికి వెళ్ళినప్పుడు వీళ్ళ రాళ్ళ దెబ్బకు భయపడి తన ఓడల మీద తోళ్ళు పరిపించాడు.

బెలియారిక్‌వాళ్ళు ఎక్కువగా వాడింది రాళ్ళు. మన కథకు కావలసిన సీసం మాత్రం గ్రీకుల ద్వారా వచ్చింది. ఈ రెండింటి తేడాను యుద్ధరంగంలో స్వయంగా చూసి రాసినవాడు గ్రీకు చరిత్రకారుడు జెనొఫన్. క్రీ.పూ. 401లో పర్షియా సామ్రాజ్యం నడిబొడ్డున చిక్కుకుపోయిన పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులు వెనక్కి నడుస్తుంటే, పర్షియన్ల వడిసెలలు, బాణాలు వాళ్ళను దూరం నుంచే చావగొడుతున్నాయి. మన సైన్యంలో రోడ్స్ దీవివాళ్ళున్నారు, వాళ్ళకు వడిసెల వచ్చు, సీసపు గుండ్లు వాడతారు కాబట్టి పర్షియన్ల కంటే రెట్టింపు దూరం కొడతారు అని జెనొఫన్ గుర్తు చేశాడు. ఆ రాత్రికి రాత్రే రెండు వందల మంది ముందుకొచ్చారు.

రెట్టింపు దూరం ఎలా వచ్చింది? సీసం సాంద్రత మామూలు రాతికి నాలుగు రెట్లకు పైనే ఉంటుంది. అంటే అదే బరువున్న గుండు రాయిలో పావు వంతు జాగా కూడా తీసుకోదు. గాలి దాన్ని ఆపేది తక్కువ. పైగా బాదంగింజలా రెండు కొసలూ సన్నగా పోతపోస్తారు కాబట్టి గాలిని చీల్చుకుంటూ పోతుంది, తగిలినచోట లోపలికి దిగుతుంది. రోమన్ వైద్య రచయిత సెల్సస్, ఒంట్లో ఇరుక్కున్న సీసపు గుండును ఎలా బయటికి తీయాలో తన పుస్తకంలో ప్రత్యేకంగా వివరించాడు. గుండు బరువు సాధారణంగా 20 నుంచి 50 గ్రాముల మధ్య ఉండేది. అంత చిన్నదానికి అంత శక్తి.

సీసం దొరకడమూ కష్టం కాదు. వెండి గనుల నుంచి తీసిన ఖనిజంలో వెండి కొద్దిగా, సీసం కుప్పలుగా వచ్చేది. ఏథెన్స్ దగ్గరి లారియన్ గనులు అలాంటివే. సీసం తక్కువ వేడికే కరుగుతుంది, మామూలు మంట చాలు. అందువల్ల గుండ్లను శిబిరంలోనే పోతపోసుకునేవాళ్ళు. రాతకు చోటు దొరికింది సరిగ్గా ఈ పనిలోనే. పోత తీరు అర్థమైతే సగం ముడి విడిపోతుంది.

పోతకు రెండు బద్దలుగా ఉండే అచ్చు వాడేవాళ్ళు. అచ్చులో వరుసగా గుంటలు, వాటిని కలుపుతూ కాలువలు. కరిగిన సీసం పోసి, చల్లారాక విప్పితే కాయల గుత్తిలా గుండ్లు వచ్చేవి. వాటిని కత్తిరించి విడదీసేవాళ్ళు. అచ్చు గుంటలో అక్షరాలు చెక్కితే ప్రతి గుండు మీదా అవి ఉబ్బెత్తుగా పడతాయి. అచ్చులో తిరగేసి చెక్కితేనే గుండు మీద సరిగా వస్తాయి. ఆ సంగతి మరిచిపోయిన చేతులు చాలానే ఉన్నాయి, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలున్న గుండ్లు దొరుకుతూనే ఉంటాయి. రెండో పద్ధతి, పోతపోసిన గుండు మీద ముద్రతో అక్షరాలు కొట్టడం. మూడోది, మొనతో చేత్తో గీయడం.

ఈ తేడా చాలా ముఖ్యం. మొనతో గీసిన మాట ఒక మనిషిది కావచ్చు. అచ్చులో చెక్కిన మాట ఒక నిర్ణయం. ఏం చెక్కాలో ఎవరో చెప్పారు, చెక్కేవాడు చెక్కాడు, వందల కొద్దీ గుండ్లు అదే మాటతో బయటికొచ్చాయి. కాబట్టి ప్రతి రాతనూ “మామూలు సైనికుడి గొంతు” అనడం తొందరపాటని నా అభిప్రాయం. అందులో చాలా భాగం సేనాని గొంతే.

గుండ్ల మీద ఎక్కువగా కనిపించేవి పేర్లు. మాసిడోనియా రాజు ఫిలిప్, అంటే అలెగ్జాండర్ తండ్రి, క్రీ.పూ. 348లో ఒలింథస్ నగరాన్ని పడగొట్టాడు. 1928 నుంచి 1938 దాకా అమెరికన్ పండితుడు డేవిడ్ రాబిన్సన్ అక్కడ తవ్వకాలు జరిపాడు. దొరికిన గుండ్లలో కొన్నింటి మీద “ఫిలిప్‌ది” అని ఉంది, కొన్నింటి మీద అతని సేనానుల పేర్లున్నాయి, నగరం పక్షం గుండ్ల మీద “ఒలింథస్‌వాళ్ళది” అనుంది. సిసిలీలో ఎన్నా నగరం దగ్గర దొరికిన గుండ్ల మీద క్రీ.పూ. 133 నాటి కాన్సుల్ లూసియస్ పీసో పేరుంది. అక్కడ తిరగబడ్డ బానిసలను అణచడానికి వెళ్ళిన సైన్యం వాడినవవి.

పేరు వేయడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అది సైన్యం సొత్తు, ఎవరి ఖజానాతో పోతపోశారో తెలియాలి. దెబ్బ ఎవరిదో శత్రువుకూ తెలియాలి. ఈ రోజు పురావస్తు శాస్త్రవేత్తలకు ఇవి పెన్నిధి. ఏ పేరున్న గుండు ఏ వీధిలో, ఏ గోడ పక్కన పడిందో పటం మీద గుర్తిస్తే దాడి ఎటువైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి నన్ను కలచివేస్తుంది. పేర్లున్న గుండ్లు ఇన్ని దొరికినా, మనం గుర్తుపట్టగలిగినవన్నీ దాదాపుగా రాజులవి, సేనానులవి, నగరాలవి, దళాలవి. తాడు తిప్పినవాడి పేరు లేదు. ఆ కాలపు పెద్దమనుషుల దృష్టిలో వడిసెల నీచమైన ఆయుధం. పర్షియా రాజు సైరస్ తాను ఓడించినవాళ్ళ దగ్గర ఆయుధాలు లాగేసుకుని, వడిసెల మాత్రం సాధన చేయమన్నాడనీ, బానిసలకు తగిన ఆయుధం అదేనని అతని ఉద్దేశమనీ జెనొఫనే మరోచోట రాశాడు. తన ప్రాణాలు కాపాడిన రెండు వందల మంది రోడ్స్‌వాళ్ళలో ఒక్కడి పేరైనా అతను రాయలేదు.

పేర్ల తర్వాత వచ్చేవి దేవుళ్ళు, చిహ్నాలు. రెక్కలున్న పిడుగు, తేలు, త్రిశూలం, ఈటె మొన లాంటివి. పిడుగు బొమ్మ వేస్తే అది జ్యూస్ దేవుడి ఆయుధంతో సమానమైనట్టు. ఇజ్రాయెల్‌లోని యావ్నే దగ్గర దొరికిన, రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి 4.4 సెంటీమీటర్ల గుండు మీద “హెరాక్లీస్, హౌరోన్‌ల విజయం” అని గ్రీకులో ఉంది. దీన్ని చదవాల్సింది మనుషులు కాదనుకుంటే చిక్కే లేదు. దేవుడి పేరు పెట్టి పని మొదలుపెట్టడం అది.

ఇక అందరికీ నచ్చే మూడో రకం, మాటలు విసిరేవి. ఏథెన్స్ ప్రాంతంలో దొరికి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న గుండుకు ఒకవైపు రెక్కల పిడుగు, ఇంకోవైపు “తీసుకో” అన్న ఒక్క మాట. ఒలింథస్‌లో ఒకటి తనను తాను పనికిమాలిన కానుకగా చెప్పుకుంటుంది. గలిలీ సరస్సు పక్కన కొండ మీద ఉన్న హిప్పోస్ నగర శిథిలాల దగ్గర దొరికిన గుండు “నేర్చుకో” అంటుంది, బుద్ధి తెచ్చుకో అన్నట్టు. క్రీ.పూ. 90–89లో ఇటలీలోని ఆస్కులమ్‌ను ముట్టడించిన రోమన్ సేనాని పాంపేయస్ స్ట్రాబో మీదికి నగరంవాళ్ళు వదిలిన గుండు “పాంపేయస్‌ను కొట్టు” అని చెబుతుంది. ఇందులో మాట్లాడేది విసిరేవాడు, వినేది గుండు. శత్రువు మధ్యలో లేనే లేడు. ఆస్కులమ్ పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ దొరికిన రాతల్లేని అసలు గుండ్ల మీద కొందరు కొత్తగా అక్షరాలు చెక్కి అమ్ముకున్నారు. సీసం పాతదే, రాత కొత్తది. అందువల్ల మరీ రసవత్తరంగా ఉన్న రాతను పండితులు మరీ ఎక్కువగా అనుమానిస్తారు.

అన్నింటిలోకీ ఎక్కువ చెప్పుకోదగ్గది పెరూసియా కథే. జూలియస్ సీజర్ హత్య తర్వాత అతని వారసుడు ఆక్టేవియన్, సేవ ముగించిన సైనికులకు పంచడానికి ఇటలీలో రైతుల భూములు లాక్కోసాగాడు. సీజర్ సహచరుడు మార్క్ ఆంటోనీ తమ్ముడు లూసియస్ ఆ సంవత్సరం కాన్సుల్. అతనూ, మార్క్ ఆంటోనీ భార్య ఫుల్వియా కలిసి భూములు పోయినవాళ్ళ పక్షం పట్టారు. చివరికి లూసియస్ పెరూసియాలో చిక్కుకున్నాడు. ఆక్టేవియన్ నగరం చుట్టూ కందకం తవ్వించి గోడ కట్టించాడు. చుట్టుకొలత 56 స్టేడియాలు, అంటే దాదాపు 10 కిలోమీటర్లని అప్పియన్ చరిత్ర చెబుతుంది.

ఇక లోపల ఆకలి మొదలైంది. మిగిలిన తిండి లెక్కవేసిన లూసియస్ బానిసలకు పెట్టడం ఆపించాడు. వాళ్ళు బయటికి పారిపోతే లోపలి గుట్టు ఆక్టేవియన్‌కు తెలిసిపోతుందని పోనివ్వనూ లేదు. వాళ్ళు గడ్డి, ఆకులు తింటూ తిరిగి చచ్చిపోయారు. శవాలను కాలిస్తే పొగ చూసి శత్రువు కనిపెడతాడని పొడవాటి గోతులు తవ్వి పూడ్పించాడు. ఇదంతా రాసింది అప్పియనే.

ఇప్పుడు మొదట చెప్పిన రాతను మళ్ళీ చదవండి. “నీకు ఆకలేస్తోంది, ఆ సంగతి నా దగ్గర దాస్తున్నావు.” లూసియస్ ఏ సంగతిని పొగ కూడా బయటికి పోనివ్వకుండా దాచాడో, అదే సంగతి గోడ దాటి లోపలికి వచ్చి పడింది. ఇది గాయం చేయడానికి రాసింది కాదు, నేల మీద పడ్డాక చదవడానికే రాసింది. ముట్టడిలో గుండు పడ్డచోటే వృథాగా ఉండిపోదు. లోపలివాళ్ళకు సీసం కరువు, వచ్చిపడ్డ ప్రతి గుండునూ ఏరుకుని తిరిగి వాడాల్సిందే. ఏరుకున్నవాడు దాన్ని చేతిలో తిప్పి చూస్తాడు, చదువు వస్తే చదువుతాడు, రాకపోతే పక్కవాడితో చదివిస్తాడు. మీ రహస్యం మాకు తెలుసని శత్రువు చెబుతున్నాడు. పక్కన ఆకలితో నీలుగుతున్న ఒక సైనికుడికి ఇంతకంటే ఏం కావాలి గుండె జారిపోవడానికి? మైదానంలో జరిగే యుద్ధాల్లో అర్థం కాని రాత ముట్టడిలో పూర్తిగా అర్థమవుతుంది. మాటకారి గుండ్లలో ఇన్ని ముట్టడి జరిగిన చోట్ల దొరకడానికి ఇదే కారణమనుకుంటాను. దానికి తోడు అక్కడ తీరిక కూడా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని వెల్సెన్ కోట దగ్గర, క్రీ.శ. 28లో రోమ్ మీద ఫ్రిసియన్ తెగ చేసిన తిరుగుబాటుతో ముడిపెట్టే గుండ్లు దొరికాయి. అవి ఇసుకలో వేలు గుచ్చి, ఆ గుంటలో సీసం పోసి తీసినవి. శత్రువు మీదికి వచ్చేస్తుంటే అచ్చులు చెక్కే వ్యవధి ఎక్కడుంటుంది? వాటి మీద ఒక్క అక్షరం లేదు.

పెరూసియా రాతల్లో చాలావాటిని పత్రికల్లో వేయడానికి సంకోచిస్తారు. ఒకదాని మీద గుండే మాట్లాడుతుంది: నేను ఫుల్వియా మర్మాంగానికి గురిపెట్టి పోతున్నాను అంటుంది. లోపలి నుంచి వచ్చినది ఆక్టేవియన్ పిర్రల మీదికి పోతున్నానంటుంది. ఇంకొకటి “బట్టతల లూసియస్ ఆంటోనియస్, ఫుల్వియా, పిర్రలు చాపండి” అని ఇద్దరినీ కలిపి పిలుస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే ఫుల్వియా అసలు పెరూసియాలో లేదు. ఆమె అప్పుడు ప్రైనెస్టే అనే మరో ఊళ్ళో ఉండి సాయం కోసం సైన్యాలను పంపే ప్రయత్నంలో ఉంది. ఆ గుండు ఆమెకు తగిలే అవకాశమే లేదు. అది చేరాల్సింది లూసియస్ సైనికులకు: ఒక ఆడదాని మాట విని చస్తున్నారు అని వాళ్ళను ఎగతాళి చేయడానికి. బయట గుండు విసిరేవాడి పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వడానికి కూడా. రాజకీయాల్లోకి వచ్చిన స్త్రీని ఒంటి భాగాల పేరెత్తి కించపరచడం అప్పటికే ఎంత పదునెక్కిన ఆయుధమో ఈ సీసం సాక్ష్యం చెబుతుంది.

ఇది శిబిరంలో పుట్టిన బూతా, పైనుంచి దిగిన బూతా? ఆక్టేవియన్ ఇదే యుద్ధం గురించి, ఇదే ఫుల్వియా మీద రాసిన ఒక పచ్చి బూతు పద్యాన్ని రోమన్ కవి మార్షల్ భద్రపరిచాడు. అందులో ధోరణి గుండ్ల మీది ధోరణే. కాబోయే చక్రవర్తి, అచ్చు చెక్కే సైనికుడు ఒకే భాష మాట్లాడుతున్నారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నా, ఈ గేలి పై అనుమతితోనే సాగిందని చెప్పడానికి ఇది చాలు. అదే కుప్పలో దళాల నంబర్లు, పన్నెండో దళం ప్రథమ సెంచూరియన్ (సైనికాధికారి) స్కైవా పేరు, దైవమైన జూలియస్ సీజర్ పేరు కూడా ఉన్నాయి. అధికారిక ముద్ర, భక్తి, బూతు పక్కపక్కనే పోతపోసుకున్నాయి. క్రీ.పూ. 40 తొలి నెలల్లో లూసియస్ లొంగిపోయాడు. ఆక్టేవియన్ అతన్ని క్షమించాడు, నగరం మాత్రం తగలబడిపోయింది. ఫుల్వియా గ్రీసుకు వెళ్ళి అదే ఏడాది చనిపోయింది.

రాత సొంతవాళ్ళ కోసమే అనడానికి ఇంకా గట్టి ఉదాహరణ స్పెయిన్‌లో ఉంది. రోమ్‌లో అధికారం పట్టిన సుల్లా పక్షాన్ని ఎదిరించి, క్రీ.పూ. 80 నుంచి 72లో హత్యకు గురయ్యేదాకా అక్కడ యుద్ధం నడిపిన రోమన్ సేనాని సెర్టోరియస్ గుండ్ల మీద “క్వింటస్ సెర్టోరియస్, ప్రోకాన్సుల్” (అంటే రోమ్ తరఫున ఒక ప్రాంతాన్ని ఏలే అధికారి) అనుంటుంది. రెండోవైపు భక్తి, న్యాయం లాంటి ఒక్క మాట. రోమ్ దృష్టిలో అతను ద్రోహి. అతనేమో ప్రతి గుండు మీదా తన పదవిని చెక్కించుకుని, చట్టబద్ధమైన అధికారిని నేనే అంటున్నాడు. తోటి రోమన్ల మీద గుండ్లు రువ్వాల్సి వచ్చిన రోమన్ సైనికుడు రోజూ చేతిలోకి తీసుకునే వస్తువు అది. తాను తిరుగుబాటుదారుణ్ణి కాననే ధైర్యం అతనికే ఎక్కువ అవసరం.

అక్షరాలు లేకుండానే శత్రువుకు మాట చేరవేసిన గుండ్లూ ఉన్నాయి. దక్షిణ స్కాట్లండ్‌లోని బర్న్స్‌వార్క్ కొండ దగ్గర, క్రీ.శ. రెండో శతాబ్దపు రోమన్ దాడిలో వాడిన గుండ్లు వందల్లో దొరికాయి. వాటిలో దాదాపు 30 గ్రాముల చిన్నవాటికి 5 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి ఉంది. పరిశోధకులు అలాంటివే చేసి విసిరితే అవి గాలిలో ఈల వేశాయి. కొండ మీద దాక్కున్నవాడికి చదువు రాకపోయినా ఆ ఈల అర్థమవుతుంది.

సీసపు గుండ్ల కాలం ముగిసినా ఈ అలవాటు పోలేదు. 1942 ఏప్రిల్‌లో టోక్యో మీద దాడికి బయల్దేరే ముందు అమెరికన్ సైనికాధికారి డూలిటిల్, విమానవాహక నౌక హార్నెట్ మీద బాంబులకు జపాన్ ఇచ్చిన పతకాలు కట్టాడు. 1999 కార్గిల్ యుద్ధంలో ఒక బాంబు మీద “రవీనా టాండన్ నుంచి నవాజ్ షరీఫ్‌కు” అని రాసిన ఫోటో దేశమంతా చూసింది. పెరూసియాలో ఫుల్వియాకు జరిగినట్టే ఇక్కడా యుద్ధంతో సంబంధం లేని చోట ఉన్న ఒక స్త్రీ పేరు ఆయుధం మీదికెక్కింది. పాఠకులు మాత్రం మారారు. పేలిపోయే బాంబు మీది రాతను ఏరుకుని చదివేవాడు ఉండడు, దాన్ని చదివేది కెమెరా. 2022 నుంచి ఉక్రెయిన్‌లో “సైన్ మై రాకెట్” అనే వెబ్‌సైట్ ద్వారా ఎక్కడో వేల మైళ్ళ దూరాన ఉన్నవాళ్ళు డబ్బు కట్టి, ఫిరంగి గుండు మీద తమ మాట రాయించుకుంటున్నారు. ఆ డబ్బు సైన్యం అవసరాలకు పోతుంది, గుండు యుద్ధరేఖ దాటి అవతలికి పోతుంది, రాయించినవాళ్ళకు ఫోటో వస్తుంది.